పుస్తకాల మీద ఒట్టు

రాజమండ్రిలో మేముండే వీధికి మొదటి టీవీ కాంట్రాక్టరుగారింటికి వచ్చింది. రిక్షాలోంచి అట్టపెట్టె దించుతుంటే వీధి వీధంతా వచ్చి నిలబడింది. కొత్త పెళ్లికూతురు దిగినా అంతమంది రారు. చెక్క డబ్బా, దానికి రెండు పక్కలకీ జరిగే తలుపులు, ఆ తలుపులకో చిన్న తాళం. తాళంచెవి కాంట్రాక్టరుగారి దగ్గర ఉండేది కాదు. వాళ్లమ్మగారి బొడ్లో ఉండేది. వీధిలో పిల్లలందరికీ ఆవిడ మామ్మగారే.

అవి 1980లు. దూరదర్శన్ రిలే కేంద్రాలు ఊరూరా వరసపెట్టి వెలుస్తున్న రోజులు. డాబా మీద గెడకర్రకి కట్టిన యాంటెన్నా, దాని మీద ఒక కాకి, కింద గదిలో చాప మీద ముప్ఫైమంది పిల్లలు. మామ్మగారి షరతులు రెండే. కాళ్లు కడుక్కుని రావాలి. వచ్చేముందు వీధి కుళాయి నుంచి తలా రెండు బిందెల నీళ్లు తెచ్చి వాళ్ల గాబులో పొయ్యాలి. నా వంతు కూడా అన్నయ్యే మోసేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. వాడికి పన్నెండు, ఏడో తరగతి.

ఆ రెండు బిందెలూ మేం మోసింది చిత్రలహరి కోసం కాదు, ఆదివారం సినిమా కోసం కూడా కాదు. వారానికోసారి వచ్చే జెయింట్ రోబో కోసం. అందులో మనుషులే నటించినా మా అమ్మ దాన్ని ‘బొమ్మల ఆట’ అనేది. ఆవిడ అన్నదీ తప్పు కాదు. ఇళ్లూ వంతెనలూ అన్నీ అట్టతో చేసినవేనని మాకూ తెలుస్తూనే ఉండేది. తెలిసినా అవి కూలుతుంటే గుండె దడదడలాడేది.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. చూసినవాళ్లు ఓ నిమిషం కళ్లు మూసుకోండి. జానీ అనే పిల్లాడు ఓడలో వెళుతుంటాడు. సముద్రంలోంచి ఓ భూతం లేచి ఓడని ముంచేస్తుంది. వాడూ, రహస్య సంస్థలో పనిచేసే ఓ యువకుడూ కలిసి ఒక దీవికి కొట్టుకొస్తారు. అది దుర్మార్గుల స్థావరం. వాళ్ల చెరలో ఉన్న ఓ శాస్త్రవేత్త నూరడుగుల ఇనుప మనిషిని తయారుచేసి ఉంటాడు. దాన్ని నడిపేది ఒక చేతి గడియారం. ఆ గడియారంలో మొదట ఎవరి గొంతు పడితే వాళ్ల మాటే అది వింటుంది. మొదట పడింది జానీ గొంతు. ఇంక చూస్కోండి, పిల్లాడు గడియారంలోకి ఒక్క మాట చెప్తే చాలు, ఆ మహాకాయుడు చేతులెత్తి వీపున ఉన్న రాకెట్లతో గాల్లోకి లేచేవాడు. వేళ్లలోంచి క్షిపణులు వదిలేవాడు. సముద్రం అడుగున దాక్కున్న గిలొటిన్ అనే చక్రవర్తి వారానికో భూతాన్ని పంపడం, మనవాడు దాన్ని మట్టికరిపించడం.

మాటలు తెలుగులో కావు. మాకు పట్టుమని పది ముక్కలు అర్థమయ్యేవి కావు. అందుకని ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకునేవాళ్లం. వీధిలో ఒకే జెయింట్ రోబోకి ముప్ఫై కథలుండేవి.

మామ్మగారిది మరీ విడ్డూరం. రోబో తలకట్టు ఈజిప్టు రాజుల శిరోవేష్టనంలా ఉంటుంది. ఈజిప్టు సంగతి ఆవిడకేం తెలుసు? “ఎవర్రా ఆ కిరీటం పెట్టుకున్నాయన?” అనడిగింది మొదటిరోజు. రోబో అని చెప్తే నోరు తిరగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ “కుంభకర్ణుడు వచ్చాడ్రా, రండి” అనే పిలిచేది. మరి కుంభకర్ణుడు మంచివాడెలా అయ్యాడు మామ్మగారూ అని మా అన్నయ్య ఓసారి అడిగాడు. “అన్న కోసం ప్రాణమిచ్చినవాడు చెడ్డవాడెందుకవుతాడురా వెధవా” అంది ఆవిడ వక్క నములుతూ. పౌరాణిక సినిమాల మీద పెరిగిన ఇళ్లలోకి ఆ జపాను ఇనుప మనిషి ఏ బెరుకూ లేకుండా నడిచి రావడానికి కారణం ఆ కిరీటమేనేమో అని ఇప్పుడనిపిస్తుంది.

టీవీ కట్టేశాక అసలు ఆట మా పెరట్లో మొదలయ్యేది. పెరట్లో ఒక కొబ్బరిచెట్టు ఉంది. అప్పటికింకా చేతికందేంత ఎత్తే. అన్నయ్య కొబ్బరాకు చీల్చి నాకు గడియారం అల్లేవాడు. పచ్చటి పట్టీ, నలుచదరపు డయలు, ఈనెతో ముల్లు. సాయంత్రానికి వాడిపోయేది. మర్నాడు కొత్తది. నేను జానీ. వాడు రోబో. పొడుగ్గా ఉన్నవాడే రోబో కావాలి కదా, ఆ వాదన నాదే. గడియారంలోకి మూతి పెట్టి “రోబో, లే” అంటే లేచేవాడు. “రోబో, దానిమ్మ కొమ్మ వంచు” అంటే వంచేవాడు. “రోబో, మంచినీళ్లు” అంటే కాళ్లు బిగబట్టి ధన్ ధన్‌మని అడుగులేస్తూ వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో తిరిగొచ్చేవాడు. ఒకరోజు సరదాకి “రోబో, అలాగే నించో” అని చెప్పి, మర్చిపోయి గోళీలాటకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. వాడు రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడి ఉన్నాడు. దోమలు కుట్టి చేతులన్నీ దద్దుర్లు. “చెప్పలేదుగా” అన్నాడు.

చివరి భాగం వచ్చే వారం నాకు గవదబిళ్లలు లేచాయి. రెండు దవడలూ ఉబ్బి, జ్వరం నూటరెండు. మెడలో బంగారు గొలుసు వేస్తే తగ్గుతుందని మా వైపు నమ్మకం. అమ్మ గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. సంగతి తెలిసి మామ్మగారు తన గొలుసు ఇచ్చి పంపింది. బిళ్లలు పిల్లలందరికీ అంటుకుంటాయని టీవీకి మాత్రం రావొద్దంది. ఏడ్చాను. దవడ నొప్పికి ఏడవడం కూడా సరిగ్గా కుదర్లేదు. “నేను చూసొచ్చి మొత్తం చెప్తాగా” అని అన్నయ్య వెళ్లాడు.

వాడు తిరిగొచ్చిన చప్పుడు విన్నాను. నేరుగా నా దగ్గరికి రాలేదు. పెరట్లో చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తర్వాత వచ్చి మంచం పక్కన కూచుని చెప్పాడు. గిలొటిన్ గాడు కొండంతయ్యాడట. రోబో వాడి పీక పట్టుకుని ఆకాశంలోకి తీసుకెళ్లి ఓ చుక్క మీద పారేసిందట. తర్వాత ఒంటికి నూనె వేయించుకోవడానికి వాళ్లూరు వెళ్లిందట. జానీ పిలిస్తే మళ్లీ వస్తుందట.

“నిజంగా వస్తుందా?”

“వస్తుంది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“నామీద ఒట్టెయ్యి.”

వాడు నా నెత్తి మీద చెయ్యి పెట్టలేదు. గూట్లోంచి వాడి లెక్కల పుస్తకం తీసి, దాని మీద చెయ్యి వేసి “పుస్తకాల మీద ఒట్టు” అన్నాడు. మా ఇళ్లలో చదువుల తల్లి మీద ఒట్టు చిన్న ఒట్టేం కాదు. నమ్మేశాను. ఆ సంవత్సరం ఏడో తరగతి పరీక్షల్లో అన్నయ్య లెక్కలు తప్పాడు. నాన్న వీపు చీరేశాడు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకెలా తోస్తుంది?

తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. వాటిలో చెప్పుకోదగ్గవి తక్కువ. నేను ఇంజినీరింగులో సీటు తెచ్చుకున్నాను. నాన్న ఇద్దర్నీ చదివించలేడు. ఇంటర్ పూర్తికాగానే అన్నయ్య ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరిపోయాడు. వద్దురా అని నాన్న మొత్తుకున్నాడు. అంతకుముందు ఆయన మాట ఎన్నడూ జవదాటనివాడు ఆ ఒక్కసారీ వినలేదు. నేను హైదరాబాదు వచ్చేశాను. ఉద్యోగం, పెళ్లి, అమ్మాయి. అమ్మ పోయింది. 2016లో నాన్న పోయాడు. ఆయన మంచాన పడ్డ మూడేళ్లూ చూసుకున్నది అన్నయ్యా వదినే. నేను డబ్బు పంపాను. పెద్దకర్మ అయిన నెలకి ఇంటి మాట వచ్చింది. పెరడుతో కలిపి అయిదు సెంట్లు. సగం నాది అన్నాను. లెక్క ప్రకారం నాదే న్యాయం, ఇప్పటికీ కాదనను. కానీ నేనా మాట అన్న చోటు అదే కొబ్బరిచెట్టు కింద. వాడు ఏమీ అనలేదు. వదిన అంది. మా ఆవిడ తిరిగి అంది. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే “బావున్నావా” అంటే “బావున్నా” అనుకోవడమే. ఇల్లు ఇల్లుగానే ఉంది. అమ్మలేదు, పంచుకోలేదు.

మొన్న మా అమ్మాయి ఆఫీసు పనిమీద జపాన్ వెళ్లింది. ఒసాకాలో పని. సెలవురోజు పక్కనే ఉన్న కోబె చూసొచ్చి ఫోనుకి ఓ ఫొటో పంపింది. పార్కులో అయిదంతస్తుల మేడంత ఇనుప మనిషి, పిడికిలి ముందుకి చాచి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. వాడి పాదాల దగ్గర మా అమ్మాయి చీమంత. “నాన్నా, నీ చిన్నప్పటి రోబో వీడేనా?”

వీడు కాదు. కానీ పరాయివాడూ కాదు, దగ్గర చుట్టమే. ఆ బొమ్మ పేరు టెట్సుజిన్ 28. జెయింట్ రోబోని సృష్టించిన మిత్సుతెరు యొకొయామా అంతకు పదేళ్ల ముందే, 1956లో సృష్టించిన బొమ్మల కథలోని ఇనుప మనిషి. అందులోనూ ఒక పిల్లాడే దాన్ని దూరం నుంచి నడిపిస్తాడు. అమ్మాయికి జవాబు పంపుదామని కూచున్నవాణ్ని ఆ రాత్రంతా వాళ్ల వంశవృక్షం చదువుతూ ఉండిపోయాను.

యొకొయామాది కోబె నగరమే. 1934లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం చివరి ఏడాది అమెరికా బి-29 విమానాలు కోబె మీద నిప్పులు కురిపించాయి. అప్పుడాయనకి పదీ పదకొండేళ్లు, అంటే మా అన్నయ్య రోబో వేషం కట్టిన వయసు. ఊరు బూడిద కావడం, ఆకాశంలో ఆ విమానాల పరిమాణం ఆయన మనసులో ఉండిపోయాయి. ఇనుప మనిషి కథ అక్కణ్నుంచే పుట్టిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కథలో టెట్సుజిన్‌ని మొదట తలపెట్టింది యుద్ధం కోసం, జపాను సైన్యం కోసమే. ఇరవై ఎనిమిదో ప్రయత్నం కాబట్టి ఆ అంకె. యుద్ధం అయిపోయాక అది ఓ పిల్లాడి చేతికి వస్తుంది. దాన్ని నడిపే పరికరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పినట్టు ఆడుతుంది. మంచివాడి చేతిలో మంచిది, దొంగ చేతిలో దొంగది. దీనికి భిన్నంగా జెయింట్ రోబోకి గొంతు గుర్తుంటుంది. ఒకసారి విన్న గొంతుని వదలదు. పదేళ్లలో ఆ రచయిత ఆలోచనలో వచ్చిన మార్పు నాకిక్కడే కనిపించింది. నిపుణులు ఏమంటారో మరి.

టోయీ అనే సంస్థ జెయింట్ రోబోని టీవీకి తీసింది. జపానులో 1967 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా నడిచింది. మొత్తం 26 భాగాలే. అక్కడ పిల్లాడి పేరు దైసాకు. అమెరికావాళ్లు ఇంగ్లిషు మాటలు పెట్టినప్పుడు జానీ సోకో అయ్యాడు. ఏడాదులపాటు చూసినట్టు నాకు గుర్తుందే, కేవలం 26 వారాలా? పైగా తీసింది రంగుల్లోనట. మేం చూసింది నలుపూ తెలుపూ. రోబో ఏ రంగు అని వీధిలో కొట్టుకు చచ్చిన రోజులున్నాయి. నేను ఎరుపంటే అన్నయ్యా ఎరుపే అనేవాడు.

కోబె కథ ఇంకొంచెం ఉంది. 1995 జనవరి 17న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆరువేలకు పైగా జనం చనిపోయారు. నగతా అనే పేట భూకంపంతో పాటు మంటలకీ ఆహుతైపోయింది. ఆ పేట మళ్లీ లేచి నిలబడడానికి గుర్తుగా, మనుషులు మళ్లీ ఆ బజార్లకి రావాలనే ఆశతో అక్కడివాళ్లు 2009లో టెట్సుజిన్‌ని నిలబెట్టుకున్నారు. యాభై టన్నుల ఉక్కు. కాలిపోయిన పేటకి కాపలాదారుగా ఒక బొమ్మల పుస్తకంలోని మనిషి. దాన్ని చూడ్డానికి యొకొయామా లేడు. 2004లో సొంత ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి, ఆ గాయాలతో కన్నుమూశాడు.

రాత్రి పన్నెండు దాటింది. ఆ ఇరవయ్యారో భాగం ఇంటర్నెట్‌లో దొరికింది. మా ఆవిడ లేస్తుందని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. యాభై దాటిన మనిషి అర్ధరాత్రి ఇలాంటివి చూస్తున్నాడంటే ఇంట్లో పరువేం మిగులుతుంది?

మొదట్లో నవ్వొచ్చింది. రోబో మోకాళ్ల దగ్గర రబ్బరు మడతలు పడుతున్నాయి. లోపల మనిషి నడుస్తున్నాడని స్పష్టంగా తెలుస్తోంది. గిలొటిన్ కొండంత పెరిగాడు, అన్నయ్య చెప్పినట్టే. కానీ అన్నయ్య చెప్పనిది ఒకటుంది. వాడి ఒళ్లంతా అణుశక్తి. తన మీద ఎవరైనా దెబ్బ వేస్తే తాను పేలిపోతానని, తనతోపాటు భూమి కూడా పోతుందని బెదిరిస్తాడు. ఎవరూ ఏమీ చెయ్యలేరు. అప్పుడు రోబో తనంతట తను కదులుతుంది. జానీ చెప్పకుండానే. గిలొటిన్‌ని రెండు చేతులా పట్టుకుని ఆకాశంలోకి లేస్తుంది. జానీ గడియారంలోకి అరుస్తాడు, వెనక్కి రమ్మని. ఇరవై అయిదు భాగాల్లో ఏనాడూ మాట తప్పనిది ఆ ఒక్కసారీ వినదు. వెళ్లి వెళ్లి ఓ ఉల్కకి గుద్దుకుంటుంది. పెద్ద వెలుగు. అంతే. కింద పిల్లాడు ఏడుస్తూ ఉంటాడు.

చూడ్డం అయ్యాక వెనక్కి జరిపి మళ్లీ చూశాను. రెండోసారి రోబోని చూడలేదు. కాంట్రాక్టరుగారింట్లో చాప మీద కూచున్న పన్నెండేళ్ల పిల్లాణ్ని చూశాను. వాడు ఇది చూసి, వీధంతా నడిచి, పెరట్లో మొహం కడుక్కుని, ఈ కథలోంచి చావుని తీసేసి, దానికి బదులు నూనె వేయించుకోవడం పెట్టాడు. నా నెత్తి మీద చెయ్యి వెయ్యమంటే ఎందుకు వెయ్యలేదో అప్పుడు తెలిసింది. అబద్ధపు ఒట్టు తగిలితే మనిషికి తగలకూడదు. లెక్కల పుస్తకానికైతే ఫర్వాలేదు.

ఫోను తీసి వాడి పేరు దాకా వెళ్లాను. ఆ వేళప్పుడు ఫోనొస్తే ఎవరికేమైందోనని కంగారుపడతారు. తెల్లారేదాకా ఆగాను. పొద్దున్న ఆరున్నరకి చేశాను. వాడు పాలకి వెళ్లే టైము.

“ఏరా? అందరూ బావున్నారా?” గొంతులో కంగారు దాగలేదు.

“బావున్నాం. అన్నయ్యా, రోబో తిరిగి రాలేదట.”

అటునుంచి మాట లేదు. పాలబండి హారన్ వినిపించింది. ఎవరిదో సైకిలు బెల్లు వినిపించింది.

“ఎవరు చెప్పారు?” అన్నాడు చివరికి.

“చూశాను. రాత్రి.”

“ఇప్పుడు చూశావా? యాభయ్యేళ్లొచ్చాక?”

“నువ్వు పుస్తకాల మీద ఒట్టేశావు.”

“మరేం చెయ్యను? నూటరెండు జ్వరం నీకు. మెడలో మామ్మగారి గొలుసొకటి. నువ్వు ఏడ్చావంటే ఆ గొలుసెక్కడ తెగుతుందోనని అమ్మ భయం.” ఆగి నవ్వాడు. “లెక్కలు పోయాయి కదరా నాకు. నాన్న చింతబరికె విరిగేదాకా కొట్టాడు. సరస్వతీదేవి ఊరుకుంటుందా?”

నేను ఇంటి సంగతి ఎత్తుదామనుకున్నాను. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను కూడా. సగం వద్దనాలా, కాగితాలు రాసి పంపిస్తాననాలా, అసలిప్పుడే ఎత్తాలా అని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“పెరట్లో కొబ్బరిచెట్టుందా?”

“ఉంది. కాపు తగ్గింది. ఆకులందవు ఇప్పుడు, డాబా దాటి పోయింది.” పాలవాడికి డబ్బులిస్తున్నట్టున్నాడు, చిల్లర చప్పుడైంది. “పండక్కి వస్తావా? వస్తే ఎవరినైనా చెట్టెక్కిద్దాం. ఎలా అల్లాలో నా చేతులకింకా గుర్తుందో లేదో.”